ఉతికిన కొంగుముక్క

"ఆ మూటనన్న దింపు, లేకుంటే నువ్వన్న దిగవ్వా. అందరికీ కడుపుల తిప్పుతున్నది."

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు పోయే బస్సు ఇస్నాపూర్ చౌరస్తాలో ఆగి మళ్లీ కదిలిందో లేదో, ముందు గుమ్మం దగ్గర ఈ గొడవ మొదలైంది. అంటున్నది కండక్టరు. పడుతున్నది ఒక ముసలామె. పాత దుప్పటిలో కట్టిన మూటను నెత్తి మీంచి ఒడిలోకి దించుకుంటోంది. వాసన ఆ మూటలోంచే. స్పిరిటు, కుళ్లిన అరటిపండు, కాలిన ప్లాస్టిక్కు మూడూ ఒక డబ్బాలో వేసి, వారం తర్వాత మూత తీస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఫ్యాక్టరీనే మూటగట్టుకోని ఎక్కినట్టున్నది" అన్నాడు కిటికీ పక్క మనిషి.

"మూటకు సుత జీరో టికెట్టేనా?" అన్నాడు ఇంకొకడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన నాటి నుంచి ఈ దారిలో ఈ హాస్యం ఎంతకీ పాతబడటం లేదు.

ముసలామె నింపాదిగా సర్దుకుని, రెండోవాడి వైపు తిరిగింది. "నీ పెండ్లాం యాడ పనిజేస్తది బిడ్డా?"

"మందుల కంపెనీల. ఎందుకు?"

"మాపటికి ఇంటికొస్తె మల్లెపూల వాసనొస్తదా మరి?"

బస్సంతా నవ్వింది. కండక్టరు గొణుక్కుంటూ వెనక్కి పోయాడు.

మూడో వరసలో కూర్చున్న లక్ష్మీప్రసన్న మాత్రం నవ్వలేదు. ఆ గొంతు కోసం ఆమె రెండు వారాలుగా వెతుకుతోంది. ఇస్నాపూర్‌లో ఆ గొంతు గల మనిషి ఉండే కిరాయి గదికి రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ తాళమే. పక్కింటివాళ్లతో కబురు పెట్టింది. జవాబు లేదు. ఇప్పుడు, ఇంకో రెండు గంటల్లో సభ మొదలవుతుందనగా, ఆ మనిషి తనంతట తానే వచ్చి ఎదురు సీట్లో కూర్చుంది.

"రాజవ్వా!"

ముసలామె తలెత్తి చూసింది. ముఖంలో ఆశ్చర్యం కనిపించలేదు. దొరికిపోయిన దొంగకుండే విసుగు కనిపించింది. "నమస్తె మేడం" అంది.

లక్ష్మీప్రసన్న అంగన్‌వాడీ కేంద్రాల సూపర్‌వైజరు. తండ్రి గుడివాడ వైపు నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి ఇటు వచ్చి, రామచంద్రాపురం క్వార్టర్స్‌లోనే ఉండిపోయాడు. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా, మాట మాత్రం ఇంట్లో తల్లి మాటే. ఇస్నాపూర్ చుట్టుపక్కల కేంద్రాలను పన్నెండేళ్లు చూసింది. ఆ పన్నెండేళ్లూ రాజవ్వ అక్కడే ఒక కేంద్రంలో ఆయా. టీచరు పాఠం చెబుతుంది. ఆయా వండుతుంది, ఊడుస్తుంది, ముక్కులు తుడుస్తుంది. పోయినేడు అరవై ఐదు నిండాయని రాజవ్వను ఇంటికి పంపారు.

"ఫోన్ కూడా తీసేశావా? నీ కోసం ఎంత తిరిగానో తెలుసా? ఇవాళ పదకొండింటికి పటాన్‌చెరులో సభ. నీకు సన్మానం."

"చెప్పిన్రు పక్కింటోళ్లు."

"మరి?"

రాజవ్వ కిటికీలోంచి బయటకు చూసింది. లారీల వెనక లారీలు. ముత్తంగి దగ్గర ఔటర్ రింగు రోడ్డు కలిసే చోట ఎప్పటిలాగే అన్నీ ఆగిపోయి ఉన్నాయి. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"నేను గుమ్మడిదల పోతున్న మేడం. పటాన్‌చెరుల బస్సు మారాలె."

"రేపు వెళ్లొచ్చు కదా! ఈ మూటా, ఈ వాసనా... ఏంటసలు ఇది?"

రాజవ్వ మూట మీద చెయ్యేసింది, నిద్రపోయే పిల్ల వీపు మీద వేసినట్టు.

సభ సంగతి కొంచెం చెప్పుకోవాలి. చిన్నపిల్లలు ఎలా నేర్చుకుంటారో ఆలోచించి, ప్రపంచం దారి మళ్లించిన ఆడవాళ్లను తలుచుకునే సభ అది. ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టింది. ఫంక్షన్‌హాలు గోడకు పద్నాలుగు ఫ్రేములు వేలాడదీశారు. అందులో ఇటలీ దేశపు డాక్టరమ్మ ఉంది. రోము నగరంలో కూలికి పోయే తల్లుల పిల్లలు మెట్ల మీద తిరుగుతుంటే, వాళ్లకో గది తెరిచి, నేర్పడం మానేసి చూడటం మొదలుపెట్టిందామె. మహారాష్ట్ర తీరంలో ఇద్దరు మరాఠీ స్త్రీలు ఉన్నారు. గూడెం పిల్లలు బడికి రాకపోతే బడినే వాకిట్లోకి తీసుకుపోయారు; మేకలు కాసేవాళ్ల వెనక మైదానంలోకీ తీసుకుపోయారు. అంగన్‌వాడీ అనే మాటలో ఆ వాకిలి ఇంకా అలాగే ఉంది; అంగన్ అంటే వాకిలే. పుస్తకాలు తిరగేసేవారికి ఇక్కడొక సంగతి తగులుతుంది. పసిపిల్లల మనసు గురించి గట్టిగా ఆలోచించిన వాళ్లలో చాలామంది మొదలుపెట్టింది తల్లి పనికి పోయిన పిల్లతోనే. తల్లి పక్కనున్న పిల్లను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఏడ్చే పిల్ల దగ్గరే మనిషి ఆగి ఆలోచించాడు. కాదు, ఆలోచించింది.

పదిహేనో ఫ్రేము రాజవ్వది కావాలని పట్టుబట్టింది లక్ష్మీప్రసన్న. సంతకం వరకే చదువున్న ఆయా ఫోటో డాక్టరమ్మల సరసన ఏమిటని ఇద్దరు ముగ్గురు నసిగారు. ఆమె వినలేదు. రాజవ్వ పద్ధతి గురించి ఒక చిన్న పుస్తకమే రాసి అచ్చేయించింది. ఇవాళ దాన్ని కూడా విడుదల చేస్తారు. ఆ ప్రతులు పది ఆమె సంచిలో ఉన్నాయి.

ఆ పద్ధతి ఇది.

కేంద్రంలో గోడ పొడుగునా పిల్లల ఎత్తులో ఒక తాడు. తాడుకు గుడ్డముక్కలు. ఒక్కో పిల్లకు ఒక్కో ముక్క, ఆ పిల్ల తల్లి వాడి వాడి పాతబడ్డ చీర కొంగుదో, చున్నీదో. కొత్త పిల్ల ఏడ్చినప్పుడు రాజవ్వ ఎత్తుకోదు, బిస్కెట్ ఇవ్వదు, 'అమ్మ వచ్చేస్తుంది' అని అబద్ధమాడదు. తాడు దగ్గర నిలబెడుతుంది, అంతే. పిల్ల తన ముక్క తానే వెతుక్కుని అందులో ముఖం పెట్టుకుంటుంది. ఎంతసేపు ఉంటుందో రాజవ్వ లెక్క చూసుకుంటుంది. ఆమెకు గడియారంతో పనిలేదు, పొయ్యి ఉంది. మొదటి వారం పప్పు ఉడికేదాకా వదలదు. నెల తిరిగేసరికి బియ్యం కడిగేంత సేపు. మూడు నెలలకు గుడ్డు పొట్టు తీసేంత సేపు. ఆఖరికి పరుగెత్తుతూ ఒక్కసారి ముక్కుకు ఆనించి, ఆటలోకి. "మనం తగ్గియ్యొద్దు, పిల్లనే తగ్గిచ్చుకోవాలె" అనేది. ఇక చాలనిపించిన రోజు ముక్కను తల్లికి తిరిగి ఇచ్చేసేది. పిల్లకు అంతకుమించిన పట్టా ఏముంది!

ఇదంతా ఆమెకు ఎక్కడిది? ఆయా అనే మాట పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చిందని పండితులంటారు. విద్య మాత్రం ఏ ఓడలోనూ రాలేదు. రాజవ్వ చిన్నతనంలో ఇప్పుడు ఫ్యాక్టరీలున్న చోట వరి మడులుండేవి. నాట్లకు పోయిన తల్లులు గట్టు మీద తుమ్మచెట్టుకు చీర ఉయ్యాల కట్టి పసిదాన్ని పడుకోబెట్టేవాళ్లు. పదేళ్ల రాజవ్వది కాపలా. ఒకరోజు ఒకామె తన చీర తడిసిందని పక్కామె చీరతో ఉయ్యాల కట్టింది. పసిది సాయంత్రం దాకా ఏడ్చింది. తల్లి చీర తడిదే తెచ్చి కప్పితే నిద్రపోయింది. రాజవ్వ ఆ సంగతి మరిచిపోలేదు. తర్వాత మడులు పోయాయి, చెట్టు పోయింది, కూలిజనం గేట్ల దగ్గర నిలబడే జనమయ్యారు. ఆమె మొగుడు ఒక గేటుకు వాచ్‌మన్‌గా కుదిరి, అక్కడే ముసలివాడై చనిపోయాడు. ఉయ్యాల సంగతి మాత్రం ముప్పై ఏళ్ల తర్వాత తాడుకు ఎక్కింది.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. పిల్ల ఆటలో పడగానే చప్పుడు చెయ్యకుండా జారుకునే తల్లులను ఆమె వాకిట్లోనే పట్టుకునేది. "దొంగలెక్క పోతవేందే? లోపటికి పో. 'పోయొస్త' అని చెప్పి పో. ఏడిస్తె ఏడ్వనీ. చెప్పకుంట పోయినవనుకో, రేపటి సంది నీ కొంగిడువది." ఒరియా తల్లులు, బీహారు తల్లులు కూడా ఆ ఒక్క తెలుగు మాట నేర్చుకున్నారు. పొద్దున తొమ్మిదింటికి ఆ గుమ్మంలో పది యాసల 'పోయొస్త'లు వినపడేవి.

ఇదంతా లక్ష్మీప్రసన్న పుస్తకంలో ఉంది. బాగానే రాసింది. బస్సు కదలకపోవడంతో ఒక ప్రతి తీసి రాజవ్వ చేతిలో పెట్టింది. "చూడు, నీ పుస్తకం. అట్ట మీద నువ్వే."

అట్ట మీద పెద్ద ఫోటో. నాలుగేళ్ల పిల్ల కళ్లు మూసుకుని, నీలిరంగు గుడ్డముక్కలో ముఖం దాచుకుని ఉంది. వెనక రాజవ్వ, చెయ్యి పిల్ల వైపు చాపి. రెండేళ్ల కింద ఢిల్లీ నుంచి కేంద్రాన్ని చూడటానికి బృందం వచ్చినప్పుడు వాళ్లతో వచ్చిన ఫోటోగ్రాఫరు తీసింది. పుస్తకం చూసిన ప్రతివాళ్లూ ఈ ఫోటో దగ్గర ఆగిపోయారు. 'ఆశీర్వదిస్తున్నట్టుంది ఆ చెయ్యి' అన్నారెవరో. లక్ష్మీప్రసన్న ఆ మాటను పుస్తకం లోపల వాడుకుంది కూడా.

రాజవ్వ పుస్తకాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గీ బొమ్మనే దొర్కిందా మేడం మీకు?"

"ఏం? బాగుంది కదా!"

"ఈ పిల్ల ఎవలో యాదున్నదా?"

"భవాని. పుష్ప కూతురు. పాపం, తల్లి పోయింది కదా."

పుష్ప గుమ్మడిదల పిల్ల. మొగుడితో ఇస్నాపూర్ వచ్చి ఒక మందుల కంపెనీలో పీపాలు కడిగే పనిలో చేరింది. ఆ ఫోటోకు కొన్ని నెలల ముందు ఒకరోజు భవానిని దింపి, లోపలికి వచ్చి మాట చెప్పి, కంపెనీ బస్సు అందుకోవడానికి హైవే దాటుతుంటే లారీ గుద్దింది. అక్కడికక్కడే.

"చెప్పి పోయింది మేడం" అంది రాజవ్వ. "ఎప్పుడు దొంగతనంగ ఉరికేటిది. ఎన్నిమాట్ల తిట్టిన్నో. గా దినం నవ్వుకుంట లోపటికి వొచ్చి, పిల్ల గదుమ పట్టుకోని, నా దిక్కు జూసుకుంట చెప్పింది. 'పోయొస్త బిడ్డా' అని. ఇగో, నువ్వు చెప్పుమన్నవని చెప్పిన అన్నట్టు."

రాజవ్వ మూట ముడి సరిచేసుకుంది.

"నెల దాటినంక పిల్లను మల్ల తోలిన్రు. వొచ్చి సక్కగ తాడుకాడికి పోయింది. తల్లి ముక్క ఉన్నది గదా. మొకం పెట్టుకున్నది. పప్పు ఉడికిన దాక ఉన్నది. మొదటికొచ్చింది పిల్ల. సరే, మల్ల మొదటి సంది నడుద్దాం అనుకున్న. అందరి ముక్కలు శనివారం ఇంటికి పోతయి, తల్లులు నడుముల చెక్కుకోని రెండొద్దులు తిర్గుతరు, సోమారం తెస్తరు. దీని ముక్క యాడికి పోవాలె? స్టీలు డబ్బల పెట్టి మూత బిగిచ్చేదాన్ని రోజు మాపటికి. పొద్దుగాల తీసి తాడుకు ఏసేదాన్ని. గాలికి పోకుంట."

"గాలికా? ఏం పోకుండా?"

"వాసన, మేడం."

బస్సు ఇంజను మళ్లీ మొదలై, నాలుగడుగులు కదిలి ఆగిపోయింది. లక్ష్మీప్రసన్న తన పుస్తకం వైపు చూసింది. అందులో ఏడో పేజీలో తనే రాసింది: గుడ్డ రంగు, అంచు, పిల్ల కంటికి తల్లి గుర్తుగా పనిచేస్తాయి. పన్నెండేళ్లు చూసి రాసింది. ఒక్కసారైనా రాజవ్వను అడగలేదు. ఒక్కసారైనా వంగి ఒక ముక్కను ముక్కు దగ్గర పెట్టుకోలేదు.

ఈ హైవే మీద ఎన్నేళ్లుగానో తిరిగినవాళ్లకు కళ్లతో పనిలేదు. ముక్కే చెబుతుంది ఎక్కడికి వచ్చామో. పురాణంలో పడవ నడిపే ఒక పిల్లకు ఒంటి చేపల వాసన పోగొట్టి, పూల పరిమళం ఇచ్చాడట ఒక ముని. ఇక్కడి ఆడవాళ్లకు ఏ మునీ ఎదురుపడలేదు. ఎనిమిది గంటల షిఫ్టు ఎదురుపడింది. పీపాలు కడిగే చేతి వాసన సీకాయకు పోదు, కుంకుడుకాయకు పోదు. మొగుడు ముఖం తిప్పుకుంటాడు, బస్సులో పక్కవాళ్లు జరుగుతారు. జరగనిది ఒక్కతే, ఇంట్లో ఉన్న నాలుగేళ్ల పిల్ల. ఆ పిల్లకు అమ్మ అంటే అదే.

"ఢిల్లీవోళ్లొస్తరని ముందురోజు మీరొచ్చిన్రు, యాదికున్నదా?" అంది రాజవ్వ.

ఉంది. లక్ష్మీప్రసన్నకు అప్పుడే గుర్తుకొచ్చింది. గుమ్మంలోనే ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుంది తను. 'అబ్బ, ఏంటి రాజవ్వా ఈ కంపు! రేపు వాళ్లు లోపలికి ఎలా వస్తారు? ఈ గుడ్డలు ఒకసారి ఉతికి ఆరెయ్యి' అంది. అని, ఇంకో కేంద్రానికి వెళ్లిపోయింది. తర్వాత దాని గురించి మళ్లీ తలుచుకోనేలేదు.

"గా మాపు కాయితాల పూలు అంటించాలె, నేల కడ్గాలె, ఒక్క పనా! తాడు మీదియన్నీ గుంజి బకెట్ల ఏసిన. సబ్బు పెట్టిన, నీలిమందు పెట్టిన. ఆరేసినంక చూసుకున్న, డబ్బ ఖాళీగున్నది. ఇరవై రెండు ముక్కలకు తల్లులున్నరు మేడం. రెండొద్దులల్ల మల్ల వాసనొస్తది. ఒక్కదానికి లేదు."

"రాజవ్వా..."

"పొద్దుగాల మీరందరు నిలబడి చూస్తున్నరు. పిల్ల ఒచ్చింది. ముక్కల మొకం పెట్టింది. తీసింది. మల్ల పెట్టింది. గట్టిగ పీల్చింది. గప్పుడే ఫోటో కొట్టిండు ఆయన." రాజవ్వ వేలు అట్ట మీద పిల్ల ముఖం దగ్గర ఆగింది. "కండ్లు మూసుకోని నెమ్మదిగ ఉన్నదనుకున్నరా మేడం? దేవులాడుతున్నది, అమ్మ వాసన యాడున్నదని. చెయ్యి దీవెన గాదు నాది. వొద్దు బిడ్డా, ఇగ వాసన చూడకు అని గుంజుకుందామని చాపిన. ఎనుక మీరు 'కదలకు రాజవ్వా, ఫోటో' అన్నరు. ఆగిన."

కండక్టరు పక్కనుంచి పోతూ ముక్కు మూసుకున్నాడు. ఇద్దరూ గమనించలేదు.

"మీరు పోయినంక తాడు ఎంబడి నడిచింది. ఒక్కొక్కటే, ఇరవై రెండు ముక్కలు వాసన చూసింది. అన్ని సబ్బు వాసనే. ఏడ్వలే. తన ముక్క తీసి, నాలుగు మడతలు పెట్టి, తెచ్చి నా చేతిల పెట్టింది. 'ఇది మా అమ్మది గాదు' అన్నది. ఇగ తాడుకాడికి పోలే."

లక్ష్మీప్రసన్న అట్ట మీద పిల్ల ముఖం వైపు చూస్తూ అంది, "నాకు ఒక్కమాట చెప్పాల్సింది."

"ఏమని చెప్పాలె? సబ్బు పట్టింది నా చేతులు. నాకు ఎరికే వాసన సంగతి. మీకు ఎరికలే."

"ఆ పాప ఇప్పుడెక్కడ?"

"గుమ్మడిదలల. అమ్మమ్మ ముత్యమ్మ కాడ. బడికి పోతది." రాజవ్వ మూటను కొంచెం దగ్గరికి లాక్కుంది. "పుష్ప పక్క పీపా కడిగేటిది ధనలక్ష్మి అని ఉంటది. ఆమె పని కోటు వారం దాక ఉతకొద్దని బతిమాలి తెస్త. నెలకొకపారి తీస్కపోత. పిల్ల వాసన చూస్తది. 'కాదు' అంటది. ఏడాదిన్నర సంది కాదనే అన్నది."

"మరి ఇప్పుడు?"

"పోయిన నెల 'గిదే' అన్నది."

లక్ష్మీప్రసన్న ముఖం వికసించింది. "దొరికిందా! అయితే మంచిదే కదా?"

"కోటు జూసి అనలే మేడం. నా మొకం జూసి అన్నది." రాజవ్వ గొంతు మారలేదు. "మోకాళ్లు పట్టుకోని బస్సు దిగి వస్తుంటె చూసిందేమో. అవ్వకు జాలి జూపెట్టింది. తల్లి వాసన యాదిమరిసింది ఇగ, అయిపోయింది."

"అలాంటప్పుడు మళ్లీ ఎందుకు తీసుకెళ్తున్నావు?"

"గిదే అన్నది గదా. ఇప్పుడు నేను తేకపోతె, తన అబద్ధం నేను కనిపెట్టిన్నని తెలుస్తది పిల్లకు."

లారీల వరస ఎక్కడో విడిపోయినట్టుంది. బస్సు ఒక్కసారిగా వేగం అందుకుంది. పటాన్‌చెరు వచ్చేసింది.

బస్టాండులో దిగాక లక్ష్మీప్రసన్న రాజవ్వ పక్కనే నడిచింది. పదకొండుకు ఇంకా గంటుంది. ఫంక్షన్‌హాలు రోడ్డు దాటితే వస్తుంది. అక్కడ పద్నాలుగు ఫ్రేముల పక్కన పదిహేనోది వేలాడుతోంది. అందులోనూ ఈ ఫోటోనే. బస్సెక్కినప్పుడు ఈ మనిషిని ఎలాగైనా వేదిక ఎక్కించాలనుకుంది. ఇప్పుడు ఆ మాట నోటికి రావడం లేదు. అయినా అడిగింది, అలవాటు చొప్పున.

"పది నిమిషాలు వచ్చి వెళ్తావా? శాలువా కప్పి పంపేస్తారు. నేనే ఆటో మాట్లాడతాను గుమ్మడిదలకి."

రాజవ్వ తల అడ్డంగా ఊపింది.

"పుస్తకాలు అచ్చయిపోయాయి రాజవ్వా. ఐదువందలు. నేనిప్పుడు ఏం చెయ్యను? మీరే చెప్పండి."

పన్నెండేళ్లలో ఆమె రాజవ్వను మీరు అనడం అదే మొదలు. రాజవ్వ అది పట్టించుకున్నట్టు లేదు. చేతిలోనే ఉండిపోయిన పుస్తకాన్ని ఇంకోసారి చూసి, కొంగుతో అట్ట తుడిచి, తిరిగి ఇచ్చింది.

"బొమ్మ కింద నా పేరుంటె కొట్టేయిండ్రి. పిల్ల దేవులాడుతున్నదని రాయిండ్రి. సదివెటోళ్లకు ఎరుకుండాలె."

"రాస్తాను. అన్నిటి మీదా రాస్తాను."

గుమ్మడిదల బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ గుమ్మం దగ్గర మూగారు. రాజవ్వ మూట నెత్తికెత్తుకుంది. లక్ష్మీప్రసన్న సాయం పట్టింది. వాసన ఆమె చేతులకూ అంటింది. రాజవ్వ ఇప్పుడు వెనక్కి తిరిగి 'పోయొస్త' అంటుందని ఎదురుచూసింది. పది భాషల తల్లుల చేత, ఆఖరికి పుష్ప చేత పట్టుబట్టి చెప్పించిన మాట అది.

రాజవ్వ ఏమీ అనలేదు. ఒక చేత్తో మూట పట్టుకుని, రెండో చేత్తో మోకాలు నొక్కుకుంటూ బస్సు వైపు నడిచింది. గుమ్మం దగ్గర జనం ముక్కులు మూసుకుని పక్కకు జరిగి, ఆమెకు దారి వదిలారు.